విప్పిన గుళ్లు, మునిగిన ఊళ్లు

అలంపురంలో రెండు గుళ్లున్నాయి. వాటిని కలిపి ఆలోచిస్తే తిక్క పుడుతుంది. ఒకటి జోగులాంబ అమ్మవారి గుడి. పాత గుడి 14వ శతాబ్దం చివర బహమనీల దాడిలో కూలిపోయిందని స్థానిక చరిత్ర చెబుతుంది. అప్పటి నుంచి అమ్మవారిని బాలబ్రహ్మేశ్వరాలయంలో ఒక పక్కన ఉంచి ఆరు వందల ఏళ్లు కొలిచారు. 2005లో పాత చోటనే కొత్త గుడి కట్టి తిరిగి ప్రతిష్ఠించారు. రెండోది ఊరి అంచున ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం. దాని రాళ్లు బాదామి చాళుక్యుల నాటివి, అంటే 7వ శతాబ్దానివి. కానీ అవి ఇక్కడికి చేరి యాభై ఏళ్లు కూడా కాలేదు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉండిన గుడిని రాయి రాయిగా విప్పి, ఇక్కడికి మోసుకొచ్చి మళ్లీ పేర్చారు.

మొదటిదానికి చోటు పాతది, రాయి కొత్తది. రెండోదానికి రాయి పాతది, చోటు కొత్తది. ఈ రెండింట్లో ఏది పాత గుడి అని అడిగితే భక్తుడొక జవాబు చెబుతాడు, పురావస్తు శాఖ ఉద్యోగి ఇంకొక జవాబు చెబుతాడు. ఇద్దరికీ తమ జవాబు మీద అనుమానం ఉండదు. ఒక వస్తువు మారుతూ కూడా అదే వస్తువుగా మిగలాలంటే దానిలో ఏది నిలిచి ఉండాలన్న ప్రశ్నను గ్రీకులు ఓడ పేరుతో చర్చించారు, మన తార్కికులు గుడ్డ పేరుతో చర్చించారు. కృష్ణా లోయలో మాత్రం అది చర్చతో తీరలేదు. నీళ్లు వచ్చేలోపు తేల్చాల్సిన పనైంది.

శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ 1963 జులైలో శంకుస్థాపన చేశారు. డ్యాం పూర్తయ్యేసరికి 1980లు వచ్చేశాయి. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ గీత కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల మ్యాపు మీద గీసి చూస్తే వంద దాకా ఊళ్లు, లక్షకు పైగా జనం, చాళుక్యుల నుంచి విజయనగరం దాకా కట్టిన గుళ్ల వరసలు దాని లోపలికి వచ్చాయి. అప్పుడు రాష్ట్ర పురావస్తు శాఖ డైరెక్టరుగా ఉన్న వి.వి. కృష్ణశాస్త్రి హయాంలో ముంపు ప్రాంతాన్ని గాలించి, దేనిని తీసుకుపోవాలి, దేనిని వదిలేయాలి అని తేల్చే పని సాగింది.

అలంపురం నవబ్రహ్మ ఆలయాలను కదపలేదు. వాటికీ నదికీ మధ్య పెద్ద రక్షణ గోడ కట్టారు. పేరుకు నవబ్రహ్మలు, లోపల ఉన్నవన్నీ శివలింగాలే. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. తారకబ్రహ్మ తప్ప మిగతావన్నీ ఉత్తరాది పద్ధతి శిఖరాలతో ఒకే కుటుంబంలా కనిపిస్తాయి. వీటిని గోడతో కాపాడుకోవచ్చనుకున్నారు. 2009 అక్టోబరు వరదలో ఆ నమ్మకం ఎంత పలుచనిదో ఊరంతా చూసింది. పాపనాశి దగ్గరి చిన్న గుళ్లు, ఇరవైకి పైగా, అలంపురానికి నైరుతి దిక్కున కొత్త చోటికి వచ్చాయి. కూడవెల్లి గుడి కూడా అలాగే వచ్చింది.

గుడిని విప్పడం కట్టడం కంటే కష్టం. చాళుక్యుల కట్టడాల్లో రాయి బరువే రాయిని పట్టి ఉంచుతుంది. సున్నం ఉండదు, లేదా ఉన్నా లెక్కలోకి రాదు. అందుకే విప్పడం సాధ్యమవుతుంది. ముందు ప్రతి ముఖాన్నీ ఫొటో తీసి, కొలిచి, బొమ్మ గీస్తారు. తర్వాత ప్రతి రాయి మీదా రంగుతో అంకె వేస్తారు: ఏ గోడ, కింది నుంచి ఎన్నో వరస, ఆ వరసలో ఎన్నో రాయి. శిఖరం పైనున్న ఆమలకంతో మొదలుపెట్టి ఒక్కో వరసే దించుతారు. కప్పురాళ్లు, దూలాలు, స్తంభాలు, గోడలు, చివరికి అడుగు పీఠం, అంటే అధిష్ఠానం. దించినవి నేల మీద వరసగా పరుస్తారు. కొత్త చోట మళ్లీ అధిష్ఠానం నుంచి పైకి.

ఇందులో అసలు కష్టం ఒకేలా ఉండే రాళ్లతో వస్తుంది. చూరులా ముందుకు వచ్చే కపోతం వరసలో పది రాళ్లు ఒకే కొలత, ఒకే చెక్కడం. చూపుతో పోల్చుకోలేం. వాటిని తారుమారు చేసి పేర్చినా గుడి నిలబడుతుంది, చూసేవాడికి తేడా తెలియదు. అయినా పురావస్తు శాఖ ఒప్పుకోదు. మూడో రాయి మూడో చోటనే ఉండాలి. ఒకే జాతికి చెందిన రెండు పరమాణువులను విడదీసి చెప్పడానికి వైశేషిక దర్శనకారులు ‘విశేషం’ అనే పదార్థాన్ని ప్రత్యేకంగా ఒప్పుకోవాల్సి వచ్చింది. గుణాలన్నీ ఒకటే అయినప్పుడు ‘ఇది అది కాదు’ అనిపించేది ఏదో ఒకటి ఉండాలని వాళ్ల వాదం. రాయికి ఆ సదుపాయం పుట్టుకతో రాలేదు. దాని విశేషాన్ని కూలీ కుంచెతో రాశాడు.

ఘటం, పటం అంటూ ఊగిపోతారని తెలుగువాళ్లు వెక్కిరించే తార్కికులు ఈ పనిని చూసి ఉంటే ఊరుకునేవారు కాదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడని, ఉమ్మడి కృష్ణా జిల్లా గరికపాడు ఆయన ఊరని సంప్రదాయం. 17వ శతాబ్దంలో ఆయన పిల్లల కోసం క్లుప్తంగా కూర్చిన శాస్త్రం ప్రకారం గుడ్డ అంటే దారాల కుప్ప కాదు. దారాలు దానికి సమవాయి కారణం. దారాల మధ్య కలయిక అసమవాయి కారణం. ఈ రెండింట్లో ఏది పోయినా గుడ్డ పోయినట్టే. దారాలన్నీ భద్రంగా ఉన్నా, వాటి కలయిక చెడితే గుడ్డ నశించింది. మళ్లీ నేస్తే పుట్టేది కొత్త గుడ్డ. ఈ లెక్కన కూడవెల్లి గుడి ఆఖరి రాయి దించిన రోజున నశించింది. అలంపురంలో ఉన్నది పాత రాళ్లతో పుట్టిన కొత్త గుడి.

మరి చూసినవాళ్లంతా ‘ఇది ఆ గుడే’ అంటారే? ఈ అభ్యంతరానికి నైయాయికుల దగ్గర, అంటే ఈ తార్కికుల దగ్గరే, జవాబు సిద్ధంగా ఉంది. విశ్వనాథుడి సిద్ధాంతముక్తావళిలో మందు ఉదాహరణ వస్తుంది. వాడు వేసుకున్న మందే నేనూ వేసుకున్నానంటాం. వాడు మింగిన మందు వాడి కడుపులో ఉంది, నేను మింగింది నా కడుపులో ఉంది. జాతి ఒకటి, వ్యక్తులు వేరు. ‘అదే’ అన్న గుర్తింపు కొన్నిసార్లు వ్యక్తిని గురించి, కొన్నిసార్లు జాతిని గురించి. ఈ జవాబు ఇంపుగా ఉంది గానీ కూడవెల్లికి సరిపడదు. అక్కడ జరిగింది మరో మందు మింగడం కాదు. మింగిన మాత్రనే ముక్కలు చేసి మళ్లీ మాత్ర చేసినట్టు. ముక్కలన్నీ అవే కదా అని మనసు మొరాయిస్తుంది. శాస్త్రం కంటే మనసుదే ఇక్కడ పైచేయి అనిపిస్తుంది.

ముక్కలన్నీ అవే అన్న ఊరటకు కూడా ఒక ఇబ్బంది ఉంది. ఏథెన్స్ జనం థీసియస్ ఓడను దాచుకున్నారని, కుళ్లిన పలకను తీసి కొత్తది వేస్తూ పోయారని ప్లూటార్క్ రాశాడు. 1655లో ఇంగ్లండు తాత్వికుడు థామస్ హాబ్స్ దానికి మెలిక పెట్టాడు. తీసేసిన పాత పలకలను ఒకడు దాచి, వాటితో అదే క్రమంలో ఇంకో ఓడ కడితే? రేవులో ఓడలు రెండు. రెండూ అదే ఓడ కాలేవు. మెలిక కోసం కల్పించిన కథ కదా అని కొట్టిపారేయవచ్చు, ముచ్చుమర్రి వైపు వెళ్లనంత వరకు.

ముచ్చుమర్రి దగ్గర కృష్ణానది ఒడ్డున సంగమేశ్వరం ఉంది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాసి అనే ఏడు నదులు కలిసే చోటు కనుక సప్తనదీ సంగమం అంటారు. ధర్మరాజు ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకుని లింగం తెమ్మని భీముణ్ని కాశీకి పంపాడట. భీముడు వేళకు రాలేదు. ముహూర్తం దాటిపోతోందని వేపమానుతో లింగం చెక్కి ప్రతిష్ఠించారట. ఆ వేపదారు లింగమే ఇప్పటికీ పూజ అందుకుంటోందని భక్తుల నమ్మకం. అంటే ఈ చోటి పురాణం మొదలవడమే ఒక ప్రత్యామ్నాయంతో మొదలైంది. అసలు రావాల్సింది రాలేదు. బదులుగా వచ్చింది అసలైపోయింది.

శ్రీశైలం నీళ్లు వస్తున్నాయని ఇక్కడి రాతి గుడిని, రూపాల సంగమేశ్వరాలయాన్ని, విప్పి కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీదకు తరలించారు. అక్కడి పెద్ద లింగం భీముడు తెచ్చినదని చెప్పుకుంటారు. ఇటు సంగమేశ్వరంలో చోటు మిగిలింది, నదుల కలయిక మిగిలింది, వేప లింగం మిగిలింది. 1981లో వేప లింగం ఉన్న ఈ గుడి నీటి కిందకు పోయింది. రెండు దశాబ్దాలకు పైగా గడిచాక, 2000ల మొదట్లో, జలాశయం బాగా తగ్గినప్పుడు మళ్లీ తలెత్తింది. ఇప్పుడు నీటిమట్టం 840 అడుగుల చుట్టుపక్కలకు దిగినప్పుడల్లా గుడి బయటపడుతుంది. జనం బురద తుడిచి, దీపం పెట్టి, మళ్లీ నీళ్లు వచ్చే దాకా పూజలు చేస్తారు. వరద వస్తే పడవలో వచ్చి పైనుంచి హారతి ఇచ్చి వెళ్లిన ఏడాదులూ ఉన్నాయి.

హాబ్స్ రెండో ఓడ ఇది. రాళ్లు గట్టు మీదకు వెళ్లాయి. చోటు నదిలో ఉండిపోయింది. రెండిటి దగ్గరా శివరాత్రికి జనం చేరతారు. ఎవరూ ఇంకొకరిని అబద్ధమనరు. సంగమేశ్వరుడు రెండయ్యాడని కంగారు పడినవాళ్లూ లేరు. ఒకే దేవుడు రెండు చోట్ల ఉండటం భక్తికి కొత్తేమీ కాదు. ఇబ్బంది కట్టడానిదే. ఒకే కట్టడం రెండు చోట్ల ఉండలేదు.

కృష్ణలో ఇది మొదటిసారి జరగలేదు. ఇంకా కిందికి, నాగార్జునకొండ దగ్గర, పాతికేళ్ల ముందే ఇదే పని ఇంతకంటే పెద్ద ఎత్తున జరిగింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి 3వ, 4వ శతాబ్దాల్లో వెలిగిన లోయ అది. 1926లో రంగస్వామి సరస్వతి అక్కడి శిథిలాలను లోకం దృష్టికి తెచ్చారు. పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ కొన్నేళ్లు తవ్వారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసేనాటికే లోయ మునుగుతుందని ఖాయం కావడంతో 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో మొత్తం లోయను తవ్వి తీశారు. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాన్ని కోసి పైకి తరలించిన పని 1964లో గానీ మొదలుకాలేదు. ఆ కథను ప్రపంచమంతా చెప్పుకుంటుంది, నాగార్జునకొండ కథ మన బడి పుస్తకాల్లో కూడా ఒక పేరా దాటదు.

తొమ్మిది కట్టడాలను కొండ మీదకు తరలించి తిరిగి కట్టారు. ఆ కొండే ఇప్పుడు ద్వీపం. మరో పద్నాలుగింటికి తూర్పు గట్టున నమూనాలు కట్టారు. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో చూడటానికి గౌతముడి న్యాయసూత్రాల్లో మంచి ఉదాహరణ ఒకటుంది: మట్టి ఆవు. మట్టి ఆవుకు ఆకారం ఉంది, అది ఒక వ్యక్తి కూడా. కానీ గోత్వం లేదు. అందుకే ఎవరూ దాన్ని దానం ఇవ్వరు, యజ్ఞానికి తేరు. వ్యక్తి, ఆకృతి, జాతి మూడూ కలిస్తేనే మాట సార్థకమని సూత్రకారుడి తీర్మానం. నమూనాలో కొలత ఉంది, ఆకృతి ఉంది, కానీ 3వ శతాబ్దపు కూలీ చేయి తగిలిన ఇటుక లేదు. కొండ మీద ఉన్నవాటికి ఆ ఇటుక ఉంది. పర్యాటకుడు మాత్రం రెండిటి ముందూ ఒకేలా నిలబడి ఫొటో దిగుతాడు. బోర్డు చదవకపోతే అతనికి తేడా తెలిసే దారి లేదు.

మహాచైత్యం సంగతి మరీ చిత్రం. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి సోదరి చాంతిశ్రీ, ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో, అపరమహావినశైలీయ భిక్షువుల కోసం దీన్ని పూర్తి చేయించిందని శాసనాలున్నాయి. లాంగ్‌హర్స్ట్ తవ్వకాల్లో దాని గర్భంలో బంగారు భరిణె, అందులో చిన్న ధాతుశకలం దొరికాయి. ఆ ధాతువు తర్వాత సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి చేరింది. ఇటుకలు కొండ మీద పేర్చిన స్తూపంలో ఉన్నాయి. చైత్యం నిలిచిన నేల సాగర్ నీటి అడుగున ఉంది. బౌద్ధుల లెక్కలో ధాతువు ఉన్నదే స్తూపం. అలా చూస్తే మహాచైత్యం ఇప్పుడు వారణాసి పక్కన ఉంది. పురావస్తు లెక్కలో కొండ మీద ఉంది. శాసనంలో రాసిన చోటు లెక్కలో నీళ్లలో ఉంది.

ఆ భిక్షువులను అడిగి ఉంటే నవ్వి ఊరుకునేవారేమో. మిళింద రాజు, నాగసేనుల సంవాదంలో రథం ముక్కలు ఒక్కొక్కటే చూపించి, ఇందులో రథమేదని నాగసేనుడు అడిగిన సంగతి బౌద్ధం చదివినవాళ్లందరికీ తెలుసు. చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు, వాటి కుప్పా రథం కాదు. రథమన్నది వ్యవహారం కోసం పెట్టుకున్న పేరు. మొత్తం అన్నదే పేరుమాత్రమని బోధించిన మఠాలనే పదహారు వందల ఏళ్ల తర్వాత ఇంజనీర్లు మొత్తం చెడకుండా కాపాడాలని తంటాలు పడ్డారు.

కలయిక లేకపోతే ఏమవుతుందో చూడాలంటే అమరావతి మహాస్తూపం చాలు. 1797లో కాలిన్ మెకంజీ చూసేసరికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త పట్నం కోసం ఆ స్తూపం దిబ్బను తవ్వుతున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు 1859లో లండన్‌కు ఓడెక్కాయి. మిగిలినవి చెన్నై మ్యూజియంలో, కొన్ని అమరావతిలో, కొన్ని ఇతర చోట్ల ఉన్నాయి. ముక్కలు చాలావరకు భద్రంగా ఉన్నాయి, వెల కట్టలేనంత గౌరవంగా ఉన్నాయి. మహాస్తూపం మాత్రం ఎక్కడా లేదు. తార్కికులు చెప్పిన అసమవాయి కారణ నాశానికి ఇంతకంటే ఖరీదైన ఉదాహరణ దొరకదు.

ఆలయ అర్చకులకు ఈ గందరగోళం ఎప్పుడూ లేదు. వాళ్ల దగ్గర ఆగమం ఉంది. గుడి మరమ్మతుకు ముందు కళాకర్షణ చేస్తారు. మూలమూర్తిలో ఉన్న దైవశక్తిని మంత్రపూర్వకంగా కుంభంలోని నీళ్లలోకి, అక్కడి నుంచి బాలాలయంలోని చిన్న మూర్తిలోకి తీసుకొస్తారు. ఆ తర్వాత తాపీమేస్త్రి లోపలికి వెళ్లవచ్చు. పని ముగిశాక కుంభాభిషేకంతో శక్తి తిరిగి వెళ్తుంది. తిరుమలలో పన్నెండేళ్లకోసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ 2018 ఆగస్టులో జరిగింది. యాదాద్రిలో 2016 నుంచి 2022 మార్చి 28 దాకా భక్తులు నరసింహస్వామిని బాలాలయంలోనే దర్శించుకున్నారు. ఈలోపు పైన కొత్త కృష్ణశిల గుడి మొత్తం లేచింది. బాలాలయంలో మొక్కు తీర్చుకున్నవాడెవడూ వేరే స్వామికి మొక్కానని అనుకోలేదు. ఇక్కడ గుడి ఆధారం కాదు, మూర్తి కూడా పూర్తిగా ఆధారం కాదు. క్రియ ఆధారం. ఎవరో ఒకరు సరైన క్రమంలో మంత్రం చెప్పి అప్పగిస్తే ‘అదే’ అన్నది చెదరదు.

కోర్టులు మరో దారి పట్టాయి. కలకత్తాలో మల్లిక్ కుటుంబం తమ ఇంటి దేవుణ్ని వంతులవారీగా కొలిచేది. వంతు వచ్చినప్పుడు దేవుణ్ని తన ఇంటికి తీసుకుపోవచ్చా అన్న తగాదా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1925లో వచ్చిన తీర్పు ప్రకారం విగ్రహం చరాస్తి కాదు, చట్టం దృష్టిలో వ్యక్తి. తను ఎక్కడ ఉండాలన్న విషయంలో దేవుడి ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అందుకోసం స్వార్థం లేని ఒక ప్రతినిధిని కోర్టు నియమించి ఆ తరఫు వాదన వినాలి. దేవుడి చిరునామా మార్చాలంటే దేవుణ్ని అడగాలన్నమాట. శ్రీశైలం జలాశయం నింపేటప్పుడు ఈ సూత్రం పట్టుకుని ఎవరైనా అడిగి ఉంటే చర్చ ఎంత రక్తి కట్టేదో.

పురావస్తు శాఖ వాళ్లకూ ఆగమం లాంటిది ఒకటుంది. 1964 మేలో వెనిస్‌లో నిపుణులు కూర్చుని రాసుకున్న ఒడంబడిక అది. కట్టడాన్ని దాని చరిత్ర నుంచీ చోటు నుంచీ విడదీయకూడదని, దాన్ని కాపాడటానికి తప్పనిసరైతేనో, అంతకు మించిన జాతీయ, అంతర్జాతీయ ప్రయోజనం ఉంటేనో తప్ప కదపకూడదని అందులో ఉంది. లోపించిన భాగాన్ని కొత్తగా వేస్తే అది కొత్తదని తెలిసేలా ఉండాలని కూడా ఉంది. మన పాత గుళ్లలో కొన్నిచోట్ల చెక్కడం మధ్యలో హఠాత్తుగా నున్నటి రాయి కనిపిస్తుందే, అది సోమరితనం కాదు, నిజాయతీ. జపాన్‌లో ఇసే మందిరాన్ని ఇరవై ఏళ్లకోసారి కొత్త కలపతో పక్క జాగాలో తిరిగి కడతారు. చివరిసారి 2013లో కట్టారు. అక్కడ కలపకు విలువ లేదు, కట్టే పద్ధతికే విలువ. వెనిస్ నియమాలతో ఇసేను కొలిస్తే అది ప్రతిసారీ నకిలీ. అందుకే 1994లో నారాలో మళ్లీ కూర్చుని, అసలుతనాన్ని ఒక్కో సంస్కృతి తన కొలతతో కొలుచుకోవచ్చని ఒప్పుకోవాల్సి వచ్చింది.

హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపానికి ఈ రెండు లోకాల మధ్య పద్దెనిమిదేళ్లు పట్టింది. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి అది. ఇసుక నింపిన పునాది కుంగి మండపం ఒరిగిపోవడంతో 2006లో రాళ్లకు అంకెలు వేసి మొత్తం విప్పారు. విప్పాక పని ఆగింది, సాగింది, మళ్లీ ఆగింది. ఒక తరం పిల్లలు ఆ మండపాన్ని గడ్డిలో పరిచిన రాళ్లుగానే చూస్తూ పెద్దవాళ్లయ్యారు. 2024 మార్చి 8న, శివరాత్రి నాడు, దాన్ని తిరిగి తెరిచారు. పాడైన చోట కొత్త రాళ్లు చేరాయి. ఆ పద్దెనిమిదేళ్లూ మండపం ఉన్నట్టా లేనట్టా? తార్కికుడి లెక్కలో లేదు. పురావస్తు శాఖ రికార్డుల్లో మాత్రం అది ఒక్క రోజు కూడా రక్షిత కట్టడం కాకుండా పోలేదు.

ఈ గొడవలన్నిటిలో ఒక పోలిక కనిపిస్తుంది. ‘ఇది అదేనా’ అన్న ప్రశ్నకు జవాబు, గుడి అన్నది ఏ రకం వస్తువో ముందు చెప్పకపోతే దొరకదు. గుడి చెక్కిన రాళ్ల అమరిక అయితే కూడవెల్లి గుడి అలంపురంలో ఉంది. గుడి నదుల కూడలి అయితే అది నీళ్లలో ఉంది. గుడి దేవుడి ఇల్లు అయితే, ఇల్లు మారినా దేవుడు మారలేదు. రాళ్లను లెక్కపెట్టి ఈ తగాదాను తీర్చలేం, ఎందుకంటే రాళ్ల గురించి ఎవరికీ భేదాభిప్రాయం లేదు.

అదే ప్రశ్నను ఊళ్ల విషయంలో అడిగి ఉండాల్సింది. ఊరు ఏ రకం వస్తువు? రెవెన్యూ శాఖకు అది సర్వే నంబర్ల మూట. ఎకరాకు ఇంత అని లెక్క కట్టి పరిహారం ఇచ్చేస్తే మూట విప్పినట్టే. ఊళ్లో ఉన్నవాళ్లకు అది ఎవరి ఇంటి పక్కన ఎవరిల్లు, ఎవరి చేనుకు ఎవరి బావి, ఏ కులం వాళ్ల వీధి చివర ఏ దేవర గద్దె అన్న అమరిక. గుడిని విప్పినప్పుడు ఆ అమరికనే కాపాడాలని ప్రతి రాయికీ అంకె వేసిన ప్రభుత్వం ఊళ్ల విషయంలో ఆ జాగ్రత్త పడలేదు. 1981లో శ్రీశైలం ముంపు ఊళ్లను చాలాచోట్ల బలవంతంగా ఖాళీ చేయించారు. పరిహారం ఎక్కువగా డబ్బు రూపంలోనే వచ్చింది. కుటుంబాలు దొరికినచోటికి పోయాయి. ఊరి మనుషులు మిగిలారు, ఊరు మిగల్లేదు. పేరు మోసుకుపోయి గట్టు మీద కొత్త ఊరు కట్టుకున్నవాళ్లు కొందరున్నారు. అక్కడ పాత పేరు నిలిచింది గానీ పాత ఇరుగుపొరుగు నిలవలేదు.

1986లో ప్రభుత్వం 98వ నంబరు జీవో ఇచ్చింది. ముంపులో భూమో ఇల్లో పోయిన కుటుంబానికి ఒక ఉద్యోగం ఇవ్వాలని దాని సారాంశం. ఆ జీవో కింద ఉద్యోగం అడగాలంటే తాను ముంపు కుటుంబం వాడినని రుజువు చూపాలి. ముంపు నాటికి పుట్టనివాళ్లు, తండ్రుల కాగితాలు పట్టుకుని, మ్యాపులో లేని ఊళ్ల పేరుతో ధ్రువపత్రాల కోసం తహసీల్దారు కార్యాలయాల చుట్టూ తిరిగారు. రాష్ట్రం విడిపోయాక ఎవరి దరఖాస్తు ఏ ప్రభుత్వానికి వెళ్లాలన్నది ఇంకో చిక్కు. ఉద్యోగాలు కొందరికి వచ్చాయి. రానివాళ్లు ఇప్పటికీ 98 జీవో నిర్వాసితులమని చెప్పుకుంటూ ధర్నాలకు వస్తుంటారు, ఒక్కొక్కరూ తమ ఊరి పేరు ముందు చెప్పి.